బొటనవేలి పక్క బొప్పికి తెలుగులో పేరేమిటి?

ప్రశ్న: నా వయసు 49. బ్యాంకులో ఉద్యోగం. నాలుగేళ్ళుగా నా కుడికాలి బొటనవేలు పక్కవేలి మీదికి ఒరుగుతోంది. దాని మొదట్లో లోపలి వైపు ఎముక బుడిపెలా పొడుచుకొచ్చింది. సాయంత్రానికి ఎర్రబడి సలుపుతుంది. డాక్టరుగారు ‘బనియన్’ అన్నారు. మావారు వెంటనే తన చొక్కా కిందికి చూసుకున్నారు. డాక్టరుగారు చీటీ మీద ‘హాలక్స్ వాల్గస్’ అని రాసిచ్చారు. అమ్మకి ఫోన్లో చెబుదామంటే తెలుగులో మాట దొరకలేదు. “ఆనెకాయా?” అంది. కాదన్నాను. “మరేంటి?” అంటే చెప్పలేకపోయాను. మా అత్తగారైతే “హైహీల్స్ వేసుకుని తిరిగితే మరేమవుతుంది” అని తేల్చేశారు. నేను హీల్స్ వేసింది ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళు, అదీ పండగలకీ పెళ్ళిళ్ళకీ. బొటనవేలు నొక్కి నొక్కి, మెట్టె ఒరుసుకుని పుండు పడితే ఆ కాలి మెట్టె తీసేశాను. ఇంట్లో దానికీ గొడవే. మూడు నెలల్లో మా అమ్మాయి పెళ్ళి. దాని పాదం చూస్తే అదే వంపు మొదలైనట్టుంది. ఈలోపు ఆపరేషన్ చేయించేసుకోమని మావారు. మీరు మాటల గురించీ చరిత్ర గురించీ రాస్తుంటారు కాబట్టి అడుగుతున్నాను. దీనికి తెలుగులో పేరేమిటి? పూర్వం ఉండేదా? గుళ్ళో శిల్పాలకీ పాత బొమ్మలకీ ఎక్కడా కనిపించదేం? ఇది నిజంగా నేను చేతులారా తెచ్చుకున్నదేనా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మీ చివరి ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, దాని కోసం మీరు కింది దాకా చదవక్కర్లేదు. చేతులారా తెచ్చుకున్నది కాదు. పండగలకీ పెళ్ళిళ్ళకీ వేసుకున్న చెప్పులు ఇన్నేళ్ళ తర్వాత వచ్చి వేలు వంచేశాయంటే నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్పడానికి మాత్రం కాస్త దూరం వెళ్ళాలి, నాలుగైదు దేశాలు తిరగాలి.

మీ ఉత్తరం చదవగానే నేను చేసిన పని, చెప్పు విప్పి నా ఎడమ పాదం చూసుకోవడం. నాకూ ఉంది. మా అమ్మకి ఉండేది. మా అమ్మమ్మకి రెండు కాళ్ళకీ ఉండేది. ఆవిడ తెనాలి దగ్గర పల్లెటూళ్ళో పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పోయింది. హీల్స్ సంగతి దేవుడెరుగు, ఆవిడ జీవితం మొత్తం మీద చెప్పులు తొడిగింది ఒక్కసారి, కాశీ ప్రయాణానికి. అప్పుడు కూడా కొత్త చెప్పు ఆ బుడిపె మీద ఒరుసుకుంటోందని చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పంపితే, ఆయన పట్టీని పక్కకి చీల్చి, తోలుముక్క అతికి, బుడిపె బయటికి వచ్చేలా ఒక కిటికీ పెట్టిచ్చాడు. ఆ చెప్పు చాలా ఏళ్ళు మా అటక మీద ఉండేది. చిన్నప్పుడు నేను ఆ కిటికీలోంచి వేలు పెట్టి ఆడేదాన్ని. మీ అత్తగారి వాదనకి మా ఇంట్లో దొరికే జవాబు అదే.

ఇక పేరు. మన ఇళ్ళల్లో ఎక్కువమంది అనేది “బొటనవేలి దగ్గర ఎముక పెరిగింది” అని. అందరికీ అర్థమవుతుంది, కానీ మాట తప్పు. అక్కడ ఎముక పెద్దగా పెరగదు, జరుగుతుంది. బొటనవేలికి వెనక, పాదంలో ఒక పొడుగాటి ఎముక ఉంటుంది. అది మెల్లగా లోపలి వైపుకి, అంటే రెండో కాలి వైపుకి, వాలుతుంది. బొటనవేలేమో ఎదురు దిక్కున పక్కవేళ్ళ మీదికి వాలుతుంది. ఆ రెండూ కలిసే కీలు దగ్గర చెయ్యి మడిచినప్పుడు మోచెయ్యి బయటికి వచ్చినట్టు వస్తుంది. మీరు రోజూ చూస్తున్న బుడిపె ఆ మోచెయ్యే. దాని మీద చెప్పు రాసుకునీ రాసుకునీ నీరు పట్టిన సంచి ఒకటి తయారై వాస్తుంది, అదీ సాయంత్రం ఎర్రదనం. ఎక్స్‌రేలో బొటనవేలి వంపు 15 డిగ్రీలు దాటితే డాక్టర్లు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు, 40 దాటితే ముదిరిందంటారు. ఒకసారి వేలు పక్కకి తిరిగాక దాన్ని ఎత్తీ దించే స్నాయువులు కూడా జరిగిపోయి, వింటినారిలా ఇంకా అటువైపే లాగుతాయి. అందుకే అది తనంతట తాను వెనక్కి రాదు.

ఆనెకాయ వేరే సంగతి. అది చర్మానికి సంబంధించింది. ఒత్తిడి పడ్డ చోట తోలు గట్టిపడి, గింజలా లోపలికి దిగి, అడుగేస్తే గుచ్చుకుంటుంది. మీ అమ్మగారు ఆ మాట అనడంలో వింతేం లేదు. కాళ్ళకొచ్చే బాధల్లో తెలుగువాడు సొంతంగా పేరు పెట్టుకున్నవి తక్కువ, ఆనె వాటిలో ఒకటి. చేతులు “కాయలు కాచాయి” అంటాం, కాలికి “ఆనెకాయ” అంటాం. ఒంటి మీద గట్టిగా ఏది లేచినా మనకి అది కాయే.

ఈ తోటపని మనదొక్కటే అనుకున్నాను గానీ కాదు. ఫ్రెంచివాళ్ళు మీ బుడిపెని ‘ఒన్యోఁ’ అంటారు, ఉల్లిపాయ అని. ఇటలీ వాడుకలో ‘చిపొల్లా’, అదీ ఉల్లిపాయే. రష్యన్లు ‘కోస్తొచ్కా’ అంటారు, చిన్న ఎముక అని అర్థం, పండులోని టెంకని కూడా ఆ మాటతోనే పిలుస్తారు. జపాన్ వాళ్ళు మాత్రం వైద్యుల మాటనే వాడుకలోకి తెచ్చుకుని ‘గైహన్‌బోషి’ అంటారు. బయటికి తిరిగిన తల్లివేలు అని. వాళ్ళకి బొటనవేలు తల్లివేలు. నాకు అన్నిట్లోకీ ఇదే నచ్చింది.

మీవారిని కంగారు పెట్టిన ఇంగ్లీషు మాట సంగతి చూడండి. చొక్కా కింద వేసుకునే బనియన్ మన దేశం నుంచి వెళ్ళిన మాట, గుజరాత్ వర్తకులైన వాణియాల పేరు మీద పుట్టింది. కాలి బనియన్‌కి దానితో ఏ చుట్టరికమూ లేదు. ఇంగ్లండు తూర్పు ప్రాంతపు యాసలో వాపుకి ‘బనీ’ అనేవాళ్ళు. పాత ఫ్రెంచిలో తలకి దెబ్బ తగిలితే లేచే వాపుని ‘బ్యూన్య’ అనేవాళ్ళు. కాలి మాట అక్కడి నుంచి వచ్చి ఉంటుందని నిఘంటువుల వాళ్ళ అంచనా. అంటే అచ్చం మన బొప్పి! తలుపు తగిలి నుదుటి మీద బొప్పి కట్టిందంటామే, అదే. తమాషా ఏమిటంటే నూనెలో వేయించే ‘బెన్యే’ అనే తీపి పదార్థానికీ ఫ్రెంచిలో మూలం ఆ మాటే. ఉబ్బుతుంది కదా. ఆ లెక్కన బొప్పికీ బోండాకీ అక్కడ తల్లి ఒక్కతే.

చీటీ మీద రాసింది 1870 ప్రాంతంలో కార్ల్ హ్యూటర్ అనే జర్మన్ సర్జన్ వాడుకలోకి తెచ్చిన లాటిన్ పేరు. హాలక్స్ అంటే బొటనవేలు, వాల్గస్ అంటే వంకర తిరిగింది. రోమన్ నాటకకర్త ప్లాటస్ దగ్గర ఈ ‘హాలక్స్’ ఒక తిట్టులో కనిపిస్తుంది: బొటనవేలంత మగాడా అని. మన ఉపనిషత్తులో అంగుష్ఠమాత్రుడంటే సాక్షాత్తూ ఆత్మ. ఒకే కొలత, ఎవడి బుద్ధి కొద్దీ వాడికి.

ఇన్ని పేర్లలోనూ నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది స్పానిష్ పేరు. వాళ్ళు దీన్ని ‘హువనేతె’ అంటారు. హువాన్ అన్న పేరుకి ముద్దుపేరు లాంటిది. మనకి ఎల్లయ్య, పుల్లయ్య ఎలాగో అక్కడ పల్లెటూరి మనిషికి హువాన్ అలాగ. మొరటు పల్లెటూరివాళ్ళ కాళ్ళకి ఇలాంటి బుడిపెలుంటాయి కాబట్టి ఆ పేరు వచ్చిందని స్పానిష్ నిఘంటువే చెబుతుంది. నొప్పి ఒకరిదైతే, పేరు పెట్టింది పట్నంలో కూర్చున్నవాళ్ళు.

అసలు ఎవరి కాళ్ళకి ఉండేది? దీనికి ఎముకలే సాక్ష్యం చెప్పాయి. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ పట్టణంలోనూ దాని పక్కనా మధ్యయుగాల నాటి నాలుగు శ్మశానాల్లో తవ్విన 177 మంది పెద్దవాళ్ళ అస్థిపంజరాలను పరిశీలించి, 2021లో పరిశోధకులు ఫలితాలు ప్రకటించారు. బొటనవేలు పక్కకి తిరిగితే ఆ కీలు దగ్గర ఎముక మీద గుర్తులు మిగిలిపోతాయి, వాటినే వెతికారు. ఊరి బయట పల్లె శ్మశానంలో ఈ గుర్తులున్నవాళ్ళు నూటికి ముగ్గురు. పట్టణంలో పేదలు పనిచేసుకుని బతికే పేటలో నూటికి పది. ధర్మాసుపత్రి శ్మశానంలో 23. పట్టణం నడిబొడ్డున ఉన్న సన్యాసుల మఠంలో, అంటే సన్యాసులనీ వాళ్ళకి దానాలిచ్చిన డబ్బున్నవాళ్ళనీ పూడ్చిన చోట, 43. బెల్టు బకిల్ మిగలడం వల్ల ఫలానావాడు మఠం మనిషి అని గుర్తుపట్టగలిగిన 11 మందిలో ఐదుగురికి ఉంది.

అంటే పల్లెటూరి హువాన్ కాలు బాగానే ఉంది. వంకర తిరిగింది సన్యాసిగారి కాలు.

కారణం చెప్పులే. 14వ శతాబ్దంలో ముందు భాగం సూదిలా సాగిన జోళ్ళ ఫ్యాషన్ వచ్చింది. అదే కేంబ్రిడ్జ్ ఎముకల్లో 11 నుంచి 13వ శతాబ్దం మధ్య బతికినవాళ్ళకి 6 శాతం ఉంటే, 14, 15 శతాబ్దాల వాళ్ళకి 27 శాతం ఉంది. ఆ జోళ్ళని ‘పూలేన్’ అనేవాళ్ళు, పోలండు జోళ్ళని అర్థం. మరో పేరు ‘క్రాకో’, అది పోలండులో ఊరు. చూశారా, ఇక్కడా నింద పొరుగువాడి మీదికే పోయింది. ఆ పరిశోధనలో మరో సంగతి ఉంది. 45 దాటి బతికినవాళ్ళలో ఈ వేలి వంకర ఉన్నవాళ్ళకి, కింద పడితే చేతులు ఆనించినప్పుడు విరిగే తరహా ఎముకల విరుగుళ్ళు ఎక్కువగా కనిపించాయి. బొటనవేలు సరిగ్గా ఆనకపోతే నడకలో తూకం తప్పుతుంది. మీరూ నేనూ మెట్లు దిగేటప్పుడు పక్కన పట్టుకోవడం మంచిది.

అప్పటి పెద్దలూ మీ అత్తగారిలాగే మందలించారు. 1215లో రోమ్‌లో జరిగిన మతసభ, మతగురువులు కుట్టుపనుల జోళ్ళు గానీ ముక్కున్న జోళ్ళు గానీ వేసుకోకూడదని శాసించింది. మఠంలో తేలిన ఎముకలను బట్టి, ఎంతమంది విన్నారో ఊహించుకోవచ్చు. 1463లో ఇంగ్లండు రాజు నాలుగో ఎడ్వర్డ్ జోడు మొన రెండంగుళాలు దాటకూడదని చట్టం చేశాడు. పెద్ద ప్రభువులకి మాత్రం మినహాయింపు. పాదాల ఆరోగ్యం కోసం చేసిన చట్టం కాదది. ఎవడి హోదాకి తగ్గ మొన వాడు వేసుకోవాలి, అంతే.

ఆ మొనలు చూడాలంటే లండన్ నేషనల్ గ్యాలరీలో ఉన్న ఒక బొమ్మ చూడండి, ఫోన్లోనే దొరుకుతుంది. 1434లో యాన్ వాన్ ఐక్ వేసిన ఆర్నొల్ఫీనీ దంపతుల చిత్రం. అందరూ గోడ మీది గుండ్రటి అద్దం చూస్తారు, కుక్కపిల్లని చూస్తారు. మీరు కింద ఎడమవైపు మూలకి చూడండి. వీధిలో బురద అంటకుండా జోళ్ళ కింద తొడుక్కునే చెక్క పాదుకలు ఒక జత విడిచి పడేసి ఉంటాయి. వాటి ముందు భాగం కొడవలి మొనలా సన్నగా సాగి ఉంటుంది. చెక్క మీద ఎండిన బురద కూడా గీశాడు మహానుభావుడు. ఆ మొనలో ఐదు వేళ్ళు ఎక్కడ పడతాయో ఆలోచించండి. పడవు. అదీ సంగతి.

ఇది చదివి, ‘అయితే తప్పు చెప్పులదే కదా, అత్తగారి మాటే నిజం కదా’ అని మీరు అనవచ్చు. సగం నిజం. 1958లో హాంకాంగ్‌లో ఇద్దరు వైద్యులు జోళ్ళు వేసుకునే చైనీయులనీ, జోళ్ళే ఎరుగని చైనీయులనీ పోల్చి చూశారు. వేసుకునేవాళ్ళలో 33 శాతం మందికి ఎంతో కొంత వంపు ఉంది. వేసుకోనివాళ్ళలో 1.9 శాతానికే ఉంది. జపాన్‌లో కూడా వేళ్ళ సందున పట్టీ ఉండే చెక్క గెతాలు పోయి తోలు బూట్లు వచ్చాక, 1970ల నుంచి ఈ కేసులు బాగా పెరిగాయి. కానీ ఆ 1.9 దగ్గర ఒక్క క్షణం ఆగండి. అది సున్నా కాదు. మా అమ్మమ్మ ఆ లెక్కలో మనిషి. ఇది కుటుంబాల్లో దిగుతూ వస్తుందని వైద్యులు ఎప్పటి నుంచో చూస్తూనే ఉన్నారు. దిగేది బుడిపె కాదు, పాదం కట్టు. కీళ్ళు వదులుగా ఉండటం, పాదం లోపలికి వాలడం, ఎముకల పొందిక. అలాంటి పాదం ఇరుకు చెప్పులో పడితే త్వరగా తిరుగుతుంది, పడకపోయినా కొందరికి తిరుగుతుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి 2010లో వేసిన ఒక లెక్క ప్రకారం 18 నుంచి 65 ఏళ్ళ మధ్యవాళ్ళలో 23 శాతం మందికీ, ఆపైన వయసువాళ్ళలో 35 శాతానికి పైగానూ ఇది ఉంది. ఆడవాళ్ళకే ఎక్కువ. మీ బ్యాంకు కౌంటర్ ముందు వరసలో నిలబడేవాళ్ళ పాదాలు ఒక రోజు గమనించండి.

శిల్పాల్లో ఎందుకు కనిపించదన్నది మంచి ప్రశ్న. మన శిల్పి పాదం చెక్కేటప్పుడు ఎదురుగా ఎవరి పాదాన్నీ పెట్టుకోడు, లక్షణాలను పెట్టుకుంటాడు. అమరావతి స్తూపంలో రెండు వేల ఏళ్ళ నాటి బుద్ధపాదాల పలకలుండేవి, వాటిలో ఒకటి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అరికాలి మధ్యలో చక్రం, దాని పైన ఐదు వేళ్ళూ కొలిచి కోసినట్టు తిన్నగా, పక్కపక్కనే, ఇంచుమించు ఒకే పొడుగు. బొటనవేలు పక్కవేలిని నెట్టదు, పక్కవేలు దానికి అడ్డం రాదు. అది మహాపురుషుడి పాదం. మీదీ నాదీ చెక్కాలని ఎవరూ అనుకోలేదు, అంతే. పైగా మన దేవతలకి జోళ్ళే లేవు. ఉత్తరాది సూర్యుడికి మోకాళ్ళ దాకా బూట్లు ఉంటాయి గానీ, దక్షిణాదికి వచ్చేసరికి ఆయన కూడా విప్పేశాడు.

మన పాత పాదరక్షల్లో ఒక తెలివి మాత్రం ఉంది. పావుకోళ్ళకి బొటనవేలికీ పక్కవేలికీ మధ్య గుబ్బ ఉంటుంది. తోలు చెప్పుకైతే బొటనవేలు దూర్చే ఉంగటం ఉంటుంది. రెండూ బొటనవేలిని దాని చోట దాన్ని ఉండనిస్తాయి. అవి వేసుకుంటే జబ్బు నయమవుతుందని నేను అనను, అలా అమ్మేవాళ్ళు ఎటూ ఉన్నారు. ముక్కు ఇరుకు బూటు చేసే పాపం మాత్రం అవి చెయ్యవు.

యూరప్‌లోనూ దీని గురించి గొడవపడ్డవాళ్ళు లేకపోలేదు. 17, 18 శతాబ్దాల్లో అక్కడ జోళ్ళకి కుడి ఎడమ తేడా కూడా ఉండేది కాదు, రెంటికీ ఒకటే చెక్క అచ్చు. పేట్రస్ కాంపర్ అనే డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు 1781లో జోడు ఎలా ఉండాలన్న దాని మీద పుస్తకమే రాశాడు. గుర్రాల డెక్కల గురించి అంత శాస్త్రం రాసుకున్న మనుషులు తమ పాదాల గురించి పట్టించుకోలేదని ఆయన బాధ.

ఈ కథలో నాకు బాగా నచ్చిన బొమ్మ ఒకటుంది. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియంలో 1944లో బెర్నార్డ్ రుడోఫ్‌స్కీ అనే వాస్తుశిల్పి, మనం వేసుకునే బట్టలకి అసలు అర్థం ఉందా అని నిలదీస్తూ ఒక ప్రదర్శన పెట్టాడు. అందులో ప్లాస్టర్‌తో చేసిన ఒక పాదం ఉంది. బొటనవేలు సరిగ్గా మధ్యలో, దానికి అటో రెండు, ఇటో రెండు చిన్న వేళ్ళు, త్రిశూలంలా. బూటు ముక్కు మధ్యలోకి కొసతేలి ఉంటుంది కదా, దానికి సరిగ్గా పట్టాలంటే దేవుడు మన పాదాన్ని ఇలా చేసి ఉండాలన్నమాట. పది పేజీల వ్యాసం చెప్పలేనిది ఆ సున్నం ముద్ద చెప్పేసింది. తర్వాత ఆయన చెప్పుల వ్యాపారంలోకి దిగి సాండల్స్ తయారు చేయించాడు. అంతకు ముందు, 1929లో, పారిస్‌లో ఒక పత్రిక ఉత్త బొటనవేళ్ళనే పేజీ నిండా పెద్దవి చేసి, నల్లటి నేపథ్యం మీద ఫొటోలు వేసింది. తీసింది జాక్ ఆంద్రే బ్వాఫార్. మనిషి నిటారుగా నిలబడుతున్నాడంటే అది బొటనవేలి చలవే, అయినా దాన్ని చూసి సిగ్గుపడతాడు అన్నది దానితో వచ్చిన వ్యాసం సారం. మన పురాణాలు మాత్రం సిగ్గుపడలేదు. రావణుడు కైలాసాన్ని ఎత్తితే శివుడు అదిమింది బొటనవేలితోనే.

సరే, ఇంటి పనులు చూద్దాం. నేను డాక్టర్ని కాను, ఈ వంపుతో పాతికేళ్ళ కాపురం చేసినదాన్ని, అంతే.

పెళ్ళిలోపు ఆపరేషన్ వద్దు. ఇది ఎముక కోసి, తిన్నగా కూర్చి, మరలతో బిగించే పని. ఆరు వారాలు ప్రత్యేకమైన బూటుతో కుంటాలి, వాపు నెలల తరబడి ఉంటుంది. మీరు ఆ వాపుతో పీటల మీద కూర్చోవాలి. జెనీవాలో రెవర్డాఁ అనే సర్జన్ 1881లో ఎముక కోసి సరిచేసే పద్ధతి చెప్పినప్పటి నుంచి ఇప్పటిదాకా వందకు పైగా పద్ధతులు వచ్చాయి. ఒక జబ్బుకి అన్ని ఆపరేషన్లున్నాయంటే ఏ ఒక్కటీ అందరికీ సరిపోలేదనే కదా. నడక కష్టమై, చెప్పులు మార్చినా తగ్గకపోతే పెళ్ళయ్యాక తీరిగ్గా ఎముకల డాక్టరుతో మాట్లాడండి. అందం కోసమైతే వద్దు. రాత్రిళ్ళు వేసుకునే పట్టీలు, వేళ్ళ మధ్య పెట్టే సిలికాన్ ముక్కలు కొంత హాయినిస్తాయి. పెద్దవాళ్ళకి వేలిని వెనక్కి మాత్రం తేవు, ప్రకటనలో ఫొటోలు ఎంత బాగున్నా సరే. మీకు షుగర్ ఉంటే మెట్టె పుండుని మాత్రం తేలిగ్గా తీసుకోకండి, ఇవాళే చూపించండి.

చెప్పులు కొనేది సాయంత్రం పూట, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు. ఇంట్లో పాత పేపర్ మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీయించుకోండి, కూర్చుని కాదు, నిలబడి. ఆ గీత కత్తిరించి షాపుకి తీసుకెళ్ళి చెప్పు మీద పెట్టండి. కాగితం అంచు బయటికి వస్తే ఆ చెప్పు మీది కాదు. సేల్స్ కుర్రాడు “వాడితే సాగుతుంది మేడమ్” అంటాడు. సాగేది చెప్పు కాదు.

మెట్టె సంగతి. మనం మెట్టెలు పెట్టుకునేది సరిగ్గా బొటనవేలి పక్కవేలికే కాబట్టి ఈ బాధ మన ఆడవాళ్ళకి అదనం. బొటనవేలు వాలిన చోట లోహం ఉంటే ఒరుసుకోక ఏం చేస్తుంది. పుండు పూర్తిగా మానేదాకా పెట్టుకోవద్దు. మానాక కంసాలి దగ్గరికి వెళ్ళి, చుట్లు లేకుండా, పువ్వు లేకుండా, సన్నటి వెండి తీగతో, కింది వైపు తెరిచి ఉండే మెట్టె చేయించుకోండి, వేలు ఉబ్బినప్పుడు సాగదీసుకోవచ్చు. పెళ్ళి నాలుగు గంటలూ అది పెట్టుకుని, ఇంటికొచ్చాక తీసేయండి. అత్తగారితో వాదన అక్కర్లేదు, పుండు చూపించండి చాలు. చూపిస్తూ ఆవిడ పాదాలు కూడా ఓసారి గమనించండి. మీ అమ్మాయికి ఆ వంపు మీ వైపు నుంచే రావాలని రూలేం లేదు.

అమ్మాయిది మొదట్లోనే ఉంది కాబట్టి తన విషయంలో తొందర లేదు. పెళ్ళికి కొనే చెప్పులు ముందు భాగం వెడల్పుగా ఉన్నవి చూడండి, ఆ ఒక్క రోజుకి ఏవి వేసుకున్నా నష్టం లేదు గానీ తర్వాత ఆఫీసుకి రోజూ ఇరుకు చెప్పులతో వెళ్ళకుండా చూసుకోమనండి. మెట్టెలు పెట్టించేటప్పుడు కూడా బిగుతుగా వద్దని ముందే చెప్పండి. ఎవరి వల్ల వచ్చిందన్న పంచాయితీ మాత్రం ఆ పిల్ల చెవిన పడనీయకండి.

ఇక మీ మొదటి ప్రశ్న. నిఘంటువులో ఉందో లేదో అని వెతుక్కుంటూ కూర్చోకండి. అమ్మకి ఫోన్ చేసి “బొటనవేలు పక్కకి ఒరిగిందమ్మా, మొదట్లో బొప్పి కట్టింది” అనండి. ఆవిడకి అర్థమవుతుంది. అర్థమయ్యాక ఆవిడ పాదాలు ఎలా ఉన్నాయో అడగండి. ఇన్నేళ్ళలో మీరు సరిగ్గా చూసి ఉండరు, నేనూ మా అమ్మవి చివరి రోజుల్లో నూనె రాసేటప్పుడే చూశాను. ఆవిడేమందో నాకు రాయండి. ఏ కాలో కూడా.